తెగని తగువు: టాక్సీ డ్రైవర్

సినిమా చూసి బాగుందనో బాగాలేదనో అనుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోవడం మామూలు. 'టాక్సీ డ్రైవర్' అలా వదిలిపెట్టే సినిమా కాదు. మా ఇంట్లోనూ మా మిత్రుల్లోనూ దాన్ని చూసినవాళ్ళు ఎందరో, దాని మీద అభిప్రాయాలూ అన్ని. ఇన్నేళ్ళలో ఒక్కరూ మెట్టు దిగలేదు. ఆ వాదనలు జరిగిన గదులు, హోటళ్ళు, ఆ మనుషుల అప్పటి ముఖాలు ఇప్పుడు సినిమాతో కలిసిపోయి గుర్తుకొస్తాయి. అందుకే వాటిని ఒకచోట రాసుకోవాలనిపించింది.

మార్టిన్ స్కార్సేసీ తీసిన ఈ సినిమా అమెరికాలో 1976 ఫిబ్రవరిలో విడుదలైంది. మా చేతికి చిక్కేసరికి 1980ల చివరికి వచ్చేశాం. విద్యానగర్‌లో మేడ మీద గది, అందులో ముగ్గురం. పరీక్షలు అయిపోయిన రాత్రి తలా కొంత వేసుకుని కలర్ టీవీ, వీసీఆర్, క్యాసెట్లు అద్దెకు తెచ్చేవాళ్ళం. రిక్షాలో టీవీని ఒడిలో పెట్టుకుని ఒకడు, దుప్పటిలో చుట్టిన వీసీఆర్‌తో ఇంకొకడు. తెల్లవారగానే తిరిగి అప్పజెప్పాలి కాబట్టి నిద్ర మాటే లేదు. ఆ రాత్రి ముందు రెండు తెలుగు సినిమాలు నడిచాయి, మూడోది ఇది. కాపీకి కాపీ తీసిన క్యాసెట్టు, బొమ్మ మీద అడ్డంగా తెల్లగీతలు పరుగెత్తేవి. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో హెడ్ తుడిచి మళ్ళీ పెట్టినా ఎరుపు రంగు హద్దు దాటి పక్కకు కారిపోతూనే ఉంది. చెప్పాలంటే ఆ సినిమాకు అది నప్పింది. తడిసిన రోడ్డు, కారు అద్దం మీద వాన చినుకులు, వైపర్ కదిలినప్పుడల్లా చెదిరిపోయే ఎర్ర, పచ్చ దీపాలు. ఆ తరువాత మంచి ప్రింటు చూశాను, 2011లో బాగుచేసిన ప్రతిని కూడా చూశాను. కానీ న్యూయార్క్ రాత్రి అంటే నాకు కళ్ళముందు మెదిలేది ఆ రంగు కారిన బొమ్మే.

మొదటి దృశ్యంలో తెల్లటి ఆవిరి మేఘాన్ని చీల్చుకుంటూ పసుపు టాక్సీ వస్తుంది. అది సినిమా కోసం వదిలిన పొగ అనుకున్నాం. మన్‌హాటన్‌లో రోడ్ల కింద గొట్టాల్లో ఆవిరి పంపి భవనాలను వెచ్చబరిచే ఏర్పాటు 1882 నుంచీ ఉందని, ఆ ఊళ్ళో చలికాలం రోడ్డు నిజంగానే అలా ఊపిరి వదులుతుందని చాలా ఏళ్ళకు మామయ్య చెప్పాడు. దాని వెనక సంగీతం: ముందు డ్రమ్ముల గుబులు, అంతలోనే ప్రేమపాట లాంటి శాక్సఫోన్. బెర్నార్డ్ హెర్మన్ ఆ సంగీతం రికార్డింగు ముగించుకుని వెళ్ళి, 1975 డిసెంబర్ 24 తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశాడు. సినిమా ఆయనకే అంకితం.

కథ తెలియనివారికి నాలుగు మాటలు. ట్రావిస్ బికిల్‌కు ఇరవై ఆరేళ్ళు, సైన్యం నుంచి వచ్చేసినవాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఎలాగూ తిరుగుతూనే ఉంటాను కదా అని టాక్సీ ఉద్యోగంలో చేరతాడు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా, వారానికి ఆరు రోజులు, ఒక్కోసారి ఏడు. ఎన్నికల ప్రచార కార్యాలయంలో పనిచేసే బెట్సీ అనే అమ్మాయిని దూరం నుంచి చూసి దేవత అనుకుంటాడు. ఒప్పించి సినిమాకు తీసుకెళతాడు, అదీ బూతు సినిమాకు. ఆమె లేచి వెళ్ళిపోతుంది. తుపాకులు కొంటాడు. బెట్సీ ఎవరి ప్రచారానికి పనిచేస్తోందో ఆ నాయకుణ్ణి చంపబోయి తప్పించుకుని పారిపోతాడు. అదే రాత్రి, ఐరిస్ అనే పన్నెండేళ్ళ పిల్లతో వ్యభిచారం చేయిస్తున్నవాళ్ళను కాల్చి చంపుతాడు. పత్రికలు అతణ్ణి వీరుడంటాయి.

ఆ చివరి కాల్పులు వచ్చినప్పుడు మా గదిలో భీమవరం మిత్రుడు ఈల వేశాడు. అతను ఉత్సాహం దాచుకునేవాడు కాదు. పసిపిల్లను అమ్ముకునేవాణ్ణి చంపితే తప్పేమిటి, ఇంతసేపూ దిగాలుగా నడిచిన సినిమాలో అప్పుడు గదా న్యాయం జరిగింది అన్నాడు. వరంగల్ మిత్రుడు, అప్పుడు లా చదువుతున్నాడు, ఒక్కసారిగా మండిపడ్డాడు. "అతను కాల్చాలనుకున్నది ఎవరిని? ఆ నాయకుణ్ణి. అక్కడ కుదరలేదు కాబట్టి ఇక్కడికి వచ్చాడు. తుపాకీ అదే, రోజు అదే. గురి మారితే హంతకుడు వీరుడైపోతాడా?" అన్నాడు. సామాను తిరిగి ఇచ్చేసి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ మీద చాయ్ వచ్చింది. ఉస్మానియా బిస్కెట్లు ముందు పెట్టుకుని ఇద్దరూ తినడం మరచి వాదించుకున్నారు. ఈ సినిమా అసలు వియత్నాం గురించి అని వరంగల్ మిత్రుడి వాదన. యుద్ధం ఊసు దాదాపు ఎత్తకుండానే యుద్ధం మీద తీశారు, చంపడం నేర్పించి, ఆపడం నేర్పకుండా ఇంటికి పంపినవాడి కథ ఇది అన్నాడు. ట్రావిస్ ఆ సైనిక జాకెట్టును దాదాపు విప్పడు, చూడండి అన్నాడు. మళ్ళీ చూసినప్పుడు గమనించాను. అతను చెప్పింది నిజమే.

నాకు ఆ రోజు ఇద్దరి మాటలూ కొంత కొంత సరైనవే అనిపించాయి. అంతకంటే ఎక్కువగా, ఆ హోటల్లో ఉన్నంతసేపూ ఎంతో హాయిగా ఉంది. మాట్లాడటానికి ఒక్క మనిషి దొరకని వాడి కథ మాకు ఇంత మాట ఇచ్చింది.

మరుసటి ఏడు సెలవులకు అక్క హైదరాబాదు వచ్చింది. తెలుగు ఎం.ఏ. చేస్తోంది అప్పుడు. మళ్ళీ అదే క్యాసెట్టు తెచ్చాం. అక్క మొత్తం చూసి, మేమందరం ఎదురుచూస్తున్న అద్దం దృశ్యం గురించి, అంటే ట్రావిస్ తుపాకీతో అద్దం ముందు నిలబడి 'నాతోనేనా మాట్లాడుతున్నావు?' అని తన నీడనే నిలదీసే చోటు గురించి, ఒక్క ముక్క మాట్లాడలేదు. స్క్రిప్టులో అద్దంలో చూసుకుంటాడని మాత్రమే ఉంటే ట్రావిస్ వేషం వేసిన రాబర్ట్ డి నీరో అక్కడికక్కడే మాటలు పుట్టించుకున్నాడన్న సంగతి మేము ఎక్కడో చదివి గొప్పగా చెప్పాం. ఆమె విననే లేదు. "మీ మగపిల్లలందరూ అతను ఎవరితో మాట్లాడుతున్నాడనే చూస్తున్నారు. ఆ పిల్ల మాట్లాడిందా చివర్లో?" అని అడిగింది.

నిజమే. చివర్లో ట్రావిస్ గది గోడ మీద అంటించిన పత్రికల ముక్కలు కనిపిస్తాయి. ఐరిస్ తండ్రి పిట్స్‌బర్గ్ నుంచి రాసిన ఉత్తరం ఆయన గొంతులో వినిపిస్తుంది. పాప బడికి వెళుతోంది, మీ మేలు మరువలేం అని. ఐరిస్ మాత్రం కనిపించదు, ఆమె గొంతు కూడా వినిపించదు. కాల్పుల గదిలో సోఫా పక్కన ముడుచుకుని ఏడుస్తుండగా చూసిందే ఆఖరు. ఇంట్లో ఏ బాధ పడలేక పారిపోయి వచ్చిందో ఆ ఇంటికే పంపించి కథ సుఖాంతం అంటే నేను నమ్మను అంది అక్క. అప్పట్లో ఆ పాత్ర వేసిన జోడీ ఫాస్టర్‌కూ పన్నెండేళ్ళే. చిన్నపిల్ల కావడంతో ఆమెకు మానసిక పరీక్ష చేయించి గానీ నటించనివ్వలేదు, కొన్ని షాట్లలో ఆమె బదులు ఆమె పందొమ్మిదేళ్ళ అక్క కోనీ ఫాస్టర్‌ను నిలబెట్టారు. ఈ సంగతి తరువాత తెలిసినప్పుడు అక్క కోపం చల్లారలేదు సరికదా రెట్టింపయింది. పరీక్ష చేయించారంటే ప్రమాదమని వాళ్ళకూ తెలుసన్నమాటే కదా అంది.

అక్క చేసిన ఇంకొక పోలిక నాకు ఇప్పటికీ విలువైనదే. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు తనను తానే తినేసుకున్నాడు, ఈ ట్రావిస్ ఊరిని తినడానికి బయలుదేరాడు, ఇద్దరి రోగమూ ఒకటే అంది. స్క్రిప్టు రాసిన పాల్ ష్రేడర్ గురించి తెలిశాక ఆ మాట మరింత సరిపోయింది. లాస్ ఏంజెలెస్‌లో సంసారం చెడి, ఉండటానికి చోటు లేక, కారులోనే పడుకుంటూ తిరిగాడు ఆయన. కడుపులో అల్సర్‌తో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు తాను ఎన్నో వారాలుగా ఎవరితోనూ మాట్లాడలేదని గుర్తొచ్చిందట. మనిషి ఇనుప పెట్టెలో కూర్చుని, చుట్టూ జనం ఉన్నా ఒంటరిగా తిరిగే టాక్సీ అప్పుడే ఆయనకు తట్టింది. 1972లో జార్జ్ వాలెస్ అనే నాయకుడి మీద కాల్పులు జరిపిన ఆర్థర్ బ్రెమర్ ఉదంతం, రష్యన్ రచయిత దస్తయేవ్‌స్కీ నవలలోని నేలమాళిగ మనిషి కూడా ఆ కథలో కలిశారు. తనను తాను తినేసుకునే దశలోనే ఉన్న మనిషి రాసిన కథ అది. రాయడం వల్లే తాను బయటపడ్డానని ఆయన చెప్పుకున్నాడు.

1990ల చివర్లో ఉద్యోగం మీద నేను అమెరికా వెళ్ళాను. అమ్మ తమ్ముడు అప్పటికే న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. 1965లో వలస చట్టం మారాక మన వైపు నుంచి వెళ్ళిన డాక్టర్లలో ఆయనా ఒకడు. 1974లో బ్రాంక్స్‌లోని ఒక ఆసుపత్రిలో చేరాడు. అంటే ఈ సినిమా తీసిన 1975 వేసవిలో ఆయన ఆ ఊళ్ళోనే, ఆ రాత్రుల్లోనే ఉన్నాడు. నేను సినిమా పేరెత్తగానే కుర్చీలో ముందుకు జరిగి, "ఒరేయ్, అది నువ్వు చూసింది టీవీలో. నేను అందులో నడిచాను" అన్నాడు.

ఆ వేసవిని మామయ్య చెప్పినంత వివరంగా నేను ఎక్కడా చదవలేదు. నగరపాలన దివాలా అంచున ఉంది. జూలై 1న వేలమంది పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని, పారిశుద్ధ్య కార్మికులను ఉద్యోగాల్లోంచి తీసేశారు. చెత్త ఎత్తేవాళ్ళు సమ్మెకు దిగారు. ఎండలో కాలిబాటల మీద సంచులు గుట్టలు పడ్డాయి. పోలీసుల సంఘాలు పుర్రె బొమ్మ వేసిన కరపత్రం అచ్చువేసి, సాయంత్రం ఆరు దాటాక వీధుల్లో తిరగవద్దని పర్యాటకులను హెచ్చరించాయి. అక్టోబర్ చివర్లో, ఊరికి సాయం చేయనని అధ్యక్షుడు ఫోర్డ్ చెప్పిన మర్నాడు, డైలీ న్యూస్ పత్రిక ఊరిని చావమన్నాడని పెద్ద అక్షరాల్లో వేసింది. ఆ పత్రిక ఆసుపత్రి క్యాంటీన్ బల్ల మీద రోజంతా పడి ఉందని, ఎవరూ దాన్ని తీసి పారేయలేదని మామయ్య చెప్పాడు.

మామయ్య ఆ సినిమాను విడుదలైన కొత్తల్లోనే మన్‌హాటన్ థియేటర్‌లో చూశాడు. చివరి కాల్పులకు హాలులో చప్పట్లు పడ్డాయట. అది విని నాకు భీమవరం మిత్రుడి ఈల గుర్తొచ్చింది. తన సినిమాకు అలాంటి కేకలు వినబడి స్కార్సేసీ కూడా దిగ్భ్రాంతి చెందానన్నాడు. మామయ్య ఫిర్యాదు మాత్రం వేరు. "ఊరు అలా ఉండేది, అబద్ధం కాదు. కానీ ఆ సినిమాలో ఊరంతా కారు అద్దంలోంచే కనిపిస్తుంది. నేను రాత్రి డ్యూటీ దిగి సబ్‌వే దాకా నడిచేవాణ్ణి. నాకు చలికోటు లేదని మొదటి నవంబర్‌లోనే కనిపెట్టి తన భర్తది తెచ్చి ఇచ్చింది ఒక నల్లజాతి నర్సమ్మ. మూల మీద ప్యూర్టోరికో దుకాణందారు నా కోసం మిరపకాయలు విడిగా తీసి ఉంచేవాడు. అద్దం దించి ఉంటే ట్రావిస్‌కూ వాళ్ళు కనిపించేవాళ్ళు" అన్నాడు.

ఆ మాట నా మనసులో చాలాకాలం నిలిచింది. టాక్సీ డ్రైవర్లు కాఫీ తాగే చోట, పక్క బల్ల దగ్గర కూర్చున్న నల్లజాతి మనుషుల మీద కెమెరా నెమ్మదిగా, భయంతో, ద్వేషంతో కదులుతుంది. ఆ చూపు ట్రావిస్‌ది, సినిమాది కాదని సమర్థించవచ్చు, నేనూ సమర్థించాను. "చూపు వాడిదే. కానీ రెండు గంటలసేపు నాకు ఇంకో కళ్ళు ఇవ్వలేదు కదా" అన్నాడు మామయ్య. దీనికి పూర్తి సమాధానం నాకు ఇప్పటికీ దొరకలేదు. ట్రావిస్ పక్షం వహించకుండానే, అతని టాక్సీలోంచి బయటికి దాదాపు కాలు పెట్టకుండా సినిమా నడపడమే స్కార్సేసీ చేసిన సాహసం. మామయ్యకు ఊపిరాడకపోవడానికి కారణమూ అదే.

ఒక ఆదివారం ఇద్దరం ఈస్ట్ 13వ వీధికి వెళ్ళాం. కాల్పుల దృశ్యంలో బయటినుంచి కనిపించే 226 నంబరు భవనం అక్కడే ఉంది. కాల్పులయ్యాక కెమెరా పైనుంచి రక్తపు గదిని, మెట్లను చూస్తూ సాగిపోయే ఆ షాట్ కోసం కూలగొట్టబోతున్న వేరొక ఇంటి పైకప్పును కోశారని నేను వివరిస్తుంటే మామయ్య శ్రద్ధగా విన్నాడు. ఆ తరువాత డాక్టర్‌గా తన మాట చెప్పాడు. ఆ చివరి సన్నివేశాలన్నీ చనిపోతున్న ట్రావిస్ కన్న కల అని చాలామంది అంటారు కదా, దాని మీద. "మెడ మీద తూటా రాసుకుపోయింది. ఇంకోటి చేతికి. అత్యవసర విభాగంలో అంతకంటే చెడ్డగా వచ్చినవాళ్ళు నడిచి ఇంటికి వెళ్ళడం చూశాను. బతుకుతాడు, కల అక్కర్లేదు" అన్నాడు తేల్చి.

నేనూ కల అనుకోను. నిజమనుకుంటేనే అది భయంకరం. కల అయితే ఊరికి బాధ్యత లేదు. నిజమైతే, ఆ ఉదయం నాయకుణ్ణి కాల్చి ఉంటే ఉరి తీయమనే పత్రికలే ఆ రాత్రి కాల్చినందుకు అతణ్ణి ఎత్తి కూర్చోబెట్టాయి. అతను నయమవలేదు. చివర్లో తన టాక్సీ ఎక్కిన బెట్సీని దింపేసి వెళుతూ అద్దంలో ఏదో చూసి ఉలిక్కిపడి అద్దాన్ని తిప్పేస్తాడే, ఆ అరక్షణంలో సంగీతం కూడా వెనక్కి తిరిగినట్టు వినిపిస్తుంది. ఆఖరి ఫ్రేమును మొదటి ఫ్రేముకు అతికించవచ్చని, కథ మళ్ళీ మొదలవుతుందని ష్రేడర్ అన్నాడు. నేను ఆయన పక్షం.

ఇంకొక సంగతి వరంగల్ మిత్రుడు లాయరయ్యాక తవ్వి తీశాడు. 1981 మార్చి 30న అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిపిన జాన్ హింక్లీ ఈ సినిమాను మళ్ళీ మళ్ళీ చూసి, జోడీ ఫాస్టర్ మీద పిచ్చి పెంచుకున్నవాడు. 1982లో అతని విచారణలో జ్యూరీకి ఈ సినిమా చూపించారు. మతి స్థిమితం లేదన్న కారణంతో నిర్దోషి అని తీర్పు వచ్చింది. "మనం చాయ్ తాగుతూ చెప్పిన అభిప్రాయాలు వాళ్ళు కోర్టు హాలులో ప్రమాణం చేసి చెప్పవలసి వచ్చింది" అని రాశాడు నాకు. కాన్ చలనచిత్రోత్సవంలో 1976లో పామ్ దోర్ అనే అగ్ర బహుమతి ఇచ్చినప్పుడు కూడా జ్యూరీ అధ్యక్షుడు టెనెసీ విలియమ్స్ తెర మీద రక్తపాతాన్ని బాహాటంగా తప్పుబట్టాడు, అయినా బహుమతి దీనికే వచ్చింది. మా తగువు మా ఒక్కరిదే కాదు.

నా మటుకు నాకు ఈ సినిమా అంతా ఒక చోట ఉంది. బెట్సీ వెళ్ళిపోయాక ట్రావిస్ గోడకున్న ఫోను నుంచి ఆమెకు ఫోను చేస్తాడు. పూలు అందాయా, ఒంట్లో ఎలా ఉంది అని అడుగుతుంటాడు. అవతలి మాట మనకు వినిపించదు. ఉన్నట్టుండి కెమెరా అతణ్ణి వదిలేసి కుడి పక్కకు జరిగి, ఖాళీ వసారా వైపు చూస్తూ నిలబడిపోతుంది. ఆ అవమానం చూడలేక ముఖం తిప్పుకుంటుంది. స్కార్సేసీ అన్నిటికంటే ముందు అనుకున్న షాట్ అదేనట. అంతటి రక్తం చూపించడానికి వెనకాడని సినిమా ఒక ఫోను మాట దగ్గర కళ్ళు దించుకుంది. నాకు దీన్ని తీసినవాడి మీద గౌరవం అక్కడే కలిగింది, ఎప్పుడు చూసినా అక్కడే కలుగుతుంది.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో చూసి, తనకు ట్రావిస్ మీద జాలి కలగలేదని చెప్పింది. ఇలా తమను కాదన్న ఆడవాళ్ళ మీద కక్ష పెంచుకునేవాళ్ళను ఇప్పుడు రోజూ ఫోనులో చూస్తున్నాం నాన్నా, వాళ్ళు ఈ అద్దం బొమ్మను గొప్ప కోసం పెట్టుకుంటారు అంది. అక్కకు ఫోను చేసి మరీ ఆ మాట చెప్పాను. మేనకోడలు తన వైపు వచ్చినందుకు ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే ఇప్పుడు అక్కకూ వరంగల్ మిత్రుడికీ కొత్త పేచీ. పడిపోయే ముందు ట్రావిస్ ఒక రాత్రి తోటి డ్రైవర్ విజార్డ్ దగ్గరికి వెళతాడు. ఎర్రటి దీపాల కింద కారుకు ఆనుకుని, బుర్రలో చెడ్డ ఆలోచనలు వస్తున్నాయని తడబడుతూ చెబుతాడు. సినిమా మొత్తంలో అతను సాయం అడిగింది అప్పుడొక్కసారే. పీటర్ బాయిల్ వేసిన ఆ విజార్డ్ ఏవో నాలుగు పొంతన లేని మాటలు చెప్పి, ఏం కాదులే అని వెళ్ళిపోతాడు. విజార్డ్ తప్పు లేదు, అతను చెడ్డవాడు కాదు, చేతనైన మాట చెప్పాడు, ఎదుటివాడి లోపల ఏముందో టాక్సీ నడుపుకునేవాడికి ఎలా తెలుస్తుంది అని లాయరు వాదన. నేరగాళ్ళ ఇళ్ళవాళ్ళు, మిత్రులు కోర్టులో ఇదే మాట చెప్పి ఏడవడం ఆయన ఇన్నేళ్ళుగా వింటున్నాడు. అక్క ఒప్పుకోవడం లేదు. మాట దొరకకపోతే పోయింది, ఆ కారుకు ఆనుకుని ఇంకొక గంట అతని పక్కన నిలబడి ఉండవచ్చు కదా, ఏ సవారీ ముంచుకుపోతోంది అంటుంది. లాయరు దీనికి ఇంకా జవాబు పంపలేదు.